ధ్రువ హిమస్తరాల్లో ఫ్రాక్టల్ క్రమం: చోడవరం వర్షపాత విశ్లేషణకు ఒక పాఠం

పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 నుంచి అనకాపల్లి జిల్లాకు చెందిన చోడవరం ప్రాంతంలో వరితోపాటు చెరకు ముఖ్యమైన పంట. మొక్క తోట తరువాత కార్శి తోటపై కూడా ఆధారపడే రైతుకు ఒక్క ఏటి బెట్టకంటె, వరుసగా రెండు మూడేళ్లు కొనసాగే బెట్ట ఎక్కువ నష్టదాయకం. సగటు వర్షపాతం ఈ వరుసను వెల్లడించదు. ఈ లోపాన్ని గ్రహించడానికి ధ్రువ హిమస్తరాల అధ్యయనం తోడ్పడుతుంది.

అంటార్కిటికాలో కురిసిన మంచు పొరలుగా పేరుకొని గట్టిపడుతుంది. వోస్తోక్ కేంద్రంలో తీసిన హిమస్తంభం సుమారు 4.2 లక్షల ఏళ్ల, డోమ్ సి వద్ద తీసినది సుమారు 8 లక్షల ఏళ్ల శీతోష్ణస్థితి చరిత్రను అందించాయి. మంచులోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపుల నిష్పత్తి నాటి ఉష్ణోగ్రతకు సూచిక. ఆ హెచ్చుతగ్గుల రేఖలో చిన్న భాగాన్ని పెద్దది చేసి చూసినా, కొన్ని కాలపరిమితుల్లో, దాని తీరు గణాంకపరంగా మొత్తం రేఖను పోలి ఉంటుంది. ఈ స్వీయసారూప్యతే ఫ్రాక్టల్ లక్షణం. భూకక్ష్య మార్పులతో ముడిపడిన సుమారు 41 వేలు, లక్ష ఏళ్ల ఆవర్తనాలను మాత్రం దీనినుంచి వేరుగా పరిగణించాలి.

ఇటువంటి శ్రేణుల్లో గతం ప్రభావం దీర్ఘకాలం నిలుస్తుంది. నైలు నది నీటి నిల్వను పరిశీలించిన హర్‌స్ట్ 1951లో దీనిని గుర్తించాడు. ఆయన పేరిట ఉన్న ఘాతాంకం 0.5 అయితే ఏ ఏడాదికి ఆ ఏడాది స్వతంత్రం. అంతకు మించితే తడి ఏళ్లు, పొడి ఏళ్లు గుంపులుగా వస్తాయి.

ఉదాహరణకు ఘాతాంకం 0.7 అనుకొంటే, 30 ఏళ్ల వర్షపాత సగటుకు ఉండే విశ్వసనీయత సుమారు 8 స్వతంత్ర సంవత్సరాల సగటుకు ఉండే విశ్వసనీయతతో సమానం. అంటే సగటులోని ప్రామాణిక దోషం సాధారణ సూత్రం చూపే దానికి దాదాపు రెట్టింపు.

అయితే హిమస్తరాల్లో లభించిన ఘాతాంకాన్ని నేరుగా రుతుపవనాలకు అన్వయించరాదు. స్థానిక నమోదుల నుంచే దానిని లెక్కించాలి. 30 ఏళ్ల నమోదులు అందుకు చాలవు. లోపించిన విలువల స్థానంలో సగటును చేరిస్తే సహజమైన హెచ్చుతగ్గులు తగ్గిపోతాయి. విద్యార్థులు వార్షిక వర్షపాత విలువల వరుసను యాదృచ్ఛికంగా అనేకసార్లు తారుమారు చేసి, ప్రతిసారీ వచ్చే అతి దీర్ఘమైన పొడి వరుసను అసలు శ్రేణిలోని దానితో పోల్చవచ్చు. అసలు శ్రేణిలోని వరుసే తరచుగా పొడవైనదిగా తేలితే దీర్ఘస్మృతి ఉండవచ్చునని భావించాలి.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు చెరకు సాగుపై సలహా ఇచ్చేటప్పుడు సగటు వర్షపాతంతోపాటు వరుస బెట్ట సంవత్సరాల సంఖ్యను కూడా తెలియజేయడం అవసరం.