గండి కొట్టినవాడికి మాఫీ ఎవరివ్వాలి?

బీబీపేట

బిడ్డా,

నీ బొమ్మల కథ రెండు భాగాలూ చదివాను. మొదటి భాగంలో నీటిని శాసించే శక్తి ఉన్నవాడు చెరువు కట్టకు గండి కొట్టి ఊరిని ముంచుతాడు. రెండో భాగంలో పశ్చాత్తాపంతో హైదరాబాదు చేరతాడు. వీరుల జట్టు అతణ్ణి కలుపుకుంటుంది. తనకంటే పెద్ద విలన్‌ను ఓడించి, నగరాన్ని కాపాడుతూ ప్రాణం విడుస్తాడు. చివరి పేజీలో ట్యాంక్‌బండ్ మీద విగ్రహం. బొమ్మలు చాలా మంచిగున్నాయి, అందులోనూ మత్తడి దుంకే పేజీ. అయితే రెండో భాగం మొత్తంలో మునిగిన ఊరివాళ్లు ఒక్క గడిలో కూడా కనబడరు. నా అభ్యంతరం అక్కడే. విలన్ మారాడా లేదా అన్నది అతను కొత్తగా ఎవరిని ఓడించాడన్న దాన్నిబట్టి తేలదు. తాను ముంచినవాళ్ల ముందు నిలబడి, తన గురించి తేల్చే అధికారం వాళ్ల చేతిలో పెట్టాడా అన్నదే చూడాలి. వీరుల జట్టు అతణ్ణి భుజం తట్టి లోపలికి పిలవవచ్చు. ఊరి తరఫున మాఫీ ఇచ్చే హక్కు మాత్రం ఆ జట్టుకు లేదు.

ఈ షరతు నేను కొత్తగా పెడుతున్నది కాదు. నువ్వు ఇష్టపడే అమెరికా కామిక్స్‌లోనే మంచి రచయితలు దీన్ని దాటవేయలేదు. 1981లో వచ్చిన అవెంజర్స్ వార్షిక సంచికలో రోగ్ అనే అమ్మాయి కెరల్ డాన్వర్స్ అనే వీరనారి శక్తుల్నీ జ్ఞాపకాల్నీ లాగేసుకుంటుంది. రెండేళ్ల తర్వాత అదే రోగ్ ఎక్స్‌మెన్ అనే వీరుల జట్టు గడప తొక్కి సాయం అడుగుతుంది. జట్టు పెద్ద ప్రొఫెసర్ జేవియర్ ఆమెను చేర్చుకుంటాడు. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అక్కడితో ఊరుకుంటే అది నీ రెండో భాగంలాగే ఉండేది. ఆయన మాత్రం రోగ్ చేరిన ఆ సంచికలోనే కెరల్‌ను అక్కడికి రప్పించాడు. రోగ్‌ను చూడగానే కెరల్ కొట్టిన దెబ్బకు ఆ అమ్మాయి ఇంటి కప్పు పగిలేలా ఎగిరిపోతుంది. జేవియర్ నిర్ణయాన్ని సహించలేక చివరికి కెరలే ఆ చోటు విడిచి వెళ్తుంది. ఆశ్రయం ఇవ్వడం తప్పని ఆ కథ చెప్పదు, కానీ దాని బరువు ఎవరి మీద పడిందో దాచదు. 1997లో కర్ట్ బ్యుసెక్, మార్క్ బ్యాగ్లీ మొదలుపెట్టిన థండర్‌బోల్ట్స్ ఇంకా గట్టిది. వీరుల వేషం కట్టిన పాత విలన్ల జట్టు అది. నలుగురూ మెచ్చుకోవడం అలవాటయ్యాక కొందరికి నిజంగానే మారాలనిపిస్తుంది. వాళ్లకు నాయకుడిగా రావడానికి హాకై అనే వీరుడు పెట్టిన షరతు ఒక్కటే: వాళ్లలో పాత హత్య కేసు ఉన్న ఏబ్నర్ జెంకిన్స్ తిరిగి జైలుకు వెళ్లాలి. అతను వెళ్తాడు. అప్పటికే ఎందరినో కాపాడి ఉన్నాడు. అయినా ఆ మంచిని ఈ బాకీ కింద జమ కట్టలేదు.

ఇంతకంటే చాలా పాతది, ఎందరినో చంపిన దొంగ అంగుళిమాలుడి కథ. బుద్ధుడు ఎదురుపడగానే దొంగ మారిపోయాడని మనవాళ్లు పిల్లలకు చెప్పి అక్కడే ముగిస్తారు. బౌద్ధ గ్రంథం మజ్ఝిమనికాయంలోని సుత్తం అక్కడ ముగియదు. పట్టుకోవడానికి గుర్రపు దండుతో బయలుదేరిన కోసల రాజు అతణ్ణి భిక్షువుగా చూసి నమస్కరించి వెళ్లిపోతాడు. రాజు వదిలేశాడు, సంఘం చేర్చుకుంది. శ్రావస్తి వీధులు మాత్రం మరిచిపోలేదు. భిక్షకు వెళ్తే మట్టిపెళ్లలు, కర్రలు, పెంకులు వచ్చి తగులుతాయి. తల పగిలి, నెత్తురు కారుతూ, పగిలిన భిక్షాపాత్రతో తిరిగి వస్తాడు. ఓర్చుకో అంటాడు బుద్ధుడు. ఊరివాళ్లకు బుద్ధి చెప్పడానికి బయలుదేరడు, వాడు మారాడు కదా అని వాదించడు. దొంగకు దీక్ష ఇచ్చారని జనం ఆక్షేపించాక, పేరుమోసిన దొంగలను సంఘంలో చేర్చుకోరాదన్న నియమం కూడా వినయపిటకంలోకి ఎక్కింది. అతణ్ణి బయటికి పంపలేదు, జనం మాటనూ కొట్టిపారేయలేదు. ఈ రెండూ కలిసి ఉండవచ్చని ఆ పాత కథకు తెలుసు.

అశోకుడి సంగతి ఇంకా లోతైనది, మనకు ఇంకా దగ్గరిది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన 14 శాసనాలూ చెక్కి ఉన్నాయి. వాటిలో 13వది కళింగ యుద్ధం గురించి. లక్ష మంది హతమయ్యారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని, అది తలచుకుని తాను కుమిలిపోతున్నానని రాజే చెప్పుకుంటాడు. గెలిచినవాడు తన గెలుపే తప్పని రాతి మీద రాయించడం ఏ దేశ చరిత్రలోనైనా అరుదు. నేను దాన్ని తక్కువ చేయను. ఆ శాసనం వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది, పడమట గిర్నార్‌లో ఉంది, మన ఎర్రగుడిలో ఉంది. కళింగంలోని ధౌలి, జౌగడ బండల మీద మాత్రం లేదు. అక్కడ దాని బదులు, మనుషులంతా నా బిడ్డలేనంటూ అధికారులకు ఇచ్చిన వేరే ఆదేశాలు ఉన్నాయి. తన దుఃఖాన్ని దేశమంతటికీ వినిపించినవాడు, ఎవరి కోసం దుఃఖించాడో ఆ జనానికి వినిపించలేదు. మానుతున్న పుండును కెలకకూడదని అలా చేసి ఉంటాడని చెప్పేవాళ్లున్నారు. అది దయే కావచ్చు. కానీ తరలించిన లక్షన్నర మందిని తిరిగి ఇళ్లకు పంపినట్టు ఏ శాసనమూ చెప్పదు. కళింగం మౌర్యుల చేతిలోనే ఉండిపోయింది. అదే 13వ శాసనంలో అడవి జనాలకు, పశ్చాత్తాపపడుతున్నా తన బలం తగ్గలేదన్న హెచ్చరిక కూడా ఉంది. దుఃఖం నిజమైనదే, ఆ తర్వాత వేయించిన చెట్లూ తవ్వించిన బావులూ నిజమైనవే. లాక్కున్నది మాత్రం వెనక్కి వెళ్లలేదు. నీ రెండో భాగం అచ్చంగా ఇక్కడే ఆగింది. నీ విలన్ హైదరాబాదు అంతటా ఏడుస్తాడు, ఊరికి మాత్రం వెళ్లడు.

నష్టపోయినవాళ్లు ఎన్నటికీ మన్నించకపోతే వాడి గతేమిటని నువ్వు అడుగుతావు. చచ్చిపోయినవాళ్లు ఎట్లా మన్నిస్తారని కూడా అడుగుతావు. న్యాయమైన ప్రశ్నలే. వీటికి జవాబు పోతన భాగవతం మొదటి స్కంధంలో దొరుకుతుంది. నిద్రపోతున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. భీముడు చంపాల్సిందే అంటాడు. కొడుకులను పోగొట్టుకున్న ద్రౌపది, నాలాగా ఇతని తల్లి ఏడవకూడదని విడిచిపెట్టమంటుంది. ఆ మాట అనగల హక్కు అందరికంటే ముందు ఆమెకే ఉంది. కానీ అశ్వత్థామ ముందూ మారలేదు, తర్వాతా మారలేదు. శిరోమణి ఊడబెరికి, తల గొరిగి వెళ్లగొట్టాక, ఉత్తర గర్భంలోని పిండం మీదికి బ్రహ్మాస్త్రం వదులుతాడు. అంటే మన్నింపు దొరికినంత మాత్రాన మనిషి మారినట్టు కాదు. మన్నింపు దొరకనంత మాత్రాన మారలేదనీ కాదు. మన్నించడం నష్టపోయినవాళ్ల సొంతం, వాళ్ల ఇష్టం. బాకీ తీర్చడం చేసినవాడి పని. మొదటిది వచ్చినా రాకపోయినా రెండోది ఆగకూడదు. చచ్చిపోయినవాళ్లు మన్నించలేరు కాబట్టి ఆ బాకీ పూర్తిగా తీరదు. తీరని బాకీని తీరదని తెలిసే తీరుస్తూ పోయేవాణ్ణి చిత్రించు. పాఠకుడు అతణ్ణి నమ్ముతాడు.

ఇంకో వాదం ఉంది, అది దీనికంటే బలమైనది. నీటిని ఆపగలవాడు నగరాన్ని కాపాడకుండా ఊళ్లో మట్టి మోస్తూ కూర్చుంటే లోకానికి నష్టం కదా? నిజమే, నగరం మునుగుతుంటే అతను పరుగెత్తాల్సిందే. పరుగెత్తి, కాపాడి, తిరిగి ఊరికి రావాలి. పదివేల మందిని కాపాడినా ఊళ్లో పోయిన పది మంది లెక్క చెరిగిపోదు, ఎందుకంటే ఆ పది మందికి ఈ పదివేల మందితో ఏ ఒప్పందమూ లేదు. ప్రాణత్యాగం సంగతీ అంతే. ఒక్క మంచిపనితో చచ్చిపోయే విలన్లు కామిక్స్‌లోనూ సినిమాల్లోనూ కొల్లలు. చావు వాణ్ణి ఊరివాళ్ల కళ్లలోకి చూడాల్సిన ప్రతి ఉదయం నుంచీ తప్పిస్తుంది. రచయితకూ అది సులువే. నీకు సులువైన దారి అక్కర్లేదు, నీ చేతిలో అంత పని ఉంది.

మరొకటి మరిచిపోయేలోగా చెప్పాలి. మొదటి భాగంలో వాడి తండ్రీ తాతా దొంగలేనని ఒక గడిలో రాశావు. అది తీసెయ్యి. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాలు పుట్టుకనే నేరంగా లెక్కగట్టాయి. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఏ తప్పూ చేయనివాళ్లు కూడా ఆ ముద్ర మోశారు. వాళ్లు దేనికీ ప్రాయశ్చిత్తం చేసుకోనక్కర్లేదు. నీ విలన్ తాను చేసినదానికి మాత్రమే జవాబుదారీ కావాలి, లేకపోతే కథ మొత్తం వంకరపోతుంది.

కొట్లాట లేకపోతే కామిక్ ఎవరు కొంటారంటావేమో. కొట్లాట ఉండనీ. 2025 ఆగస్టు చివర మన కామారెడ్డి జిల్లా మీద పడ్డ వానల్లో గండ్లు పడ్డ చెరువులు, ఇసుక మేటలు వేసిన పొలాలు నీకు తెలియనివి కావు. మేట వేసిన పొలం మళ్లీ నాటు వేసే స్థితికి రావడం ఎంత పనో కూడా తెలుసు. మూడో భాగం అక్కడ మొదలుపెట్టు. వాడు ఊరికి వస్తాడు. పంచాయితీలో అందరి ముందూ తాను చేసింది పేరుపేరునా చెప్తాడు. ఎవరి పొలంలో ముందు ఇసుక తీయాలో, కట్ట మీద మొరం ఎక్కడ పోయాలో, అసలు తన శక్తిని వాడవచ్చో లేదో ఊరే తేలుస్తుంది. నీరటికాడు చెప్పకుండా తూము తెరవడానికి వాడికి వీల్లేదు. కొందరు నీళ్లిస్తారు, ఒకావిడ మాత్రం తన గడప తొక్కనివ్వదు. ఆమె మనసు కరిగే పేజీ రాయకు. పాత శత్రువు వాణ్ణి మళ్లీ తనవైపు లాగడానికి వచ్చినప్పుడు కొట్లాట ఎలాగూ వస్తుంది, అదీ కట్ట మీదే వస్తుంది. అప్పుడు వాడు దేన్ని కాపాడుతున్నాడో పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు.

విగ్రహం పేజీ తీసేసి, ఆ గడప బయటి దృశ్యం గీసి పంపు. దసరాకు వచ్చేటప్పుడు మిగతా పేజీలు తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దనాయన