లక్ష్యం మారితే కంగారు పడకండి: డిగ్రీ మూడేళ్లలో జరిగేదేమిటి?

ఇంటర్ ఫలితాలు రాగానే ఇంటింటా ఒకటే చర్చ. డిగ్రీ సీటు కోసం తెలంగాణలో అయితే దోస్త్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఓఏఎండీసీలో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ కాలేజీ మంచిది, ఊరి నుంచి బస్సు ఉందా, హాస్టల్ దొరుకుతుందా, చివరికి ఉద్యోగం వస్తుందా? అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. ఇంట్లో తొలిసారి డిగ్రీ గడప తొక్కబోతున్న పిల్లల తల్లిదండ్రులకైతే వీటి బరువు ఇంకా ఎక్కువ. అయితే ఈ చర్చలో ఒక ప్రశ్న మాత్రం సాధారణంగా వినిపించదు. ఈ మూడేళ్లు గడిచేసరికి మా పిల్ల, మా పిల్లాడు ఎలాంటి మనిషిగా తయారవుతారు? ఉద్యోగం సంగతి కూడా చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ చదువు ఎలా సాగుతుందో తెలియనివారు లేరు. తెల్లవారుజామున స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం తిరిగేసరికి పరీక్ష, పక్కన ర్యాంకు. ఏ గంటకు ఏ పుస్తకం తెరవాలో వేరొకరు చెబుతారు. రెండేళ్లు అలా గడిపిన పిల్లలు డిగ్రీలో చేరతారు. మధ్యాహ్నానికి క్లాసులు అయిపోతాయి. ఇంటికి వెళ్లమని గానీ, కూర్చుని చదవమని గానీ ఎవరూ చెప్పరు. మొదటి సెమిస్టర్‌లో చాలామంది తడబడేది ఇక్కడే. సిలబస్ అంత కష్టంగా ఏమీ ఉండదు. సొంత సమయాన్ని సొంతంగా నడుపుకోవడం అంతకుముందు ఎప్పుడూ చేసి ఉండకపోవడమే ఇబ్బంది. ఆ మధ్యాహ్నాలను ఏం చేస్తున్నారన్నదే డిగ్రీ చదువులో సగం అని నా గట్టి నమ్మకం.

దీనికి తోడు ఇంకో బరువు ఉంటుంది. పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలో ఎంపీసీ, బైపీసీ అని ఇంట్లో తేల్చేస్తారు. రెండేళ్ల తర్వాత ఈఏపీసెట్‌లోనో నీట్‌లోనో అనుకున్న ర్యాంకు రాదు. ‘దొరక్క’ బీఎస్సీలోనో బీకాంలోనో చేరామన్న భావం. పదిహేడేళ్లకే ఓడిపోయామనుకుంటూ కాలేజీకి వచ్చే ఈ పిల్లలకు ముందుగా ఒకరి సంగతి చెప్పాలి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివేనాటికి ఆయన మనసు రామకృష్ణ మఠం మీద ఉంది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. మఠం పెద్దలు వైద్యం చదివి సేవ చేయమన్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపు అందుకుని ఖద్దరు కట్టారు. అది ఒక ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు, చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరులను తీసుకుపోయింది. ఆ తర్వాత అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లోనూ లెడర్లీ ప్రయోగశాలలోనూ చేసిన పని ఆయన పేరును నిలబెట్టింది. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్ ఆయన నడిపిన పరిశోధనల నుంచి వచ్చినవే. స్ప్రూ చికిత్సలో ఆ ఫోలిక్ యాసిడే పనికొచ్చింది.

సన్యాసి కావాలనుకున్న కుర్రాడు వైద్యుడిగా, వైద్యుడు పరిశోధకుడిగా మారిన ఈ దారిలో ప్రతి మలుపు దగ్గరా ఒక మనిషో, ఒక సంఘటనో ఉంది. మఠం వారి సలహా, దేశంలో జరుగుతున్న ఉద్యమం, ఇంట్లో మరణాలు. పదో తరగతి తర్వాత ఎవరో గీసిన గీత మీదే ఆయన నడిచి ఉంటే ఇవేవీ ఆయన్ను తాకేవి కావు. చదువుకునే వయసులో లక్ష్యం మారడం ఎదుగుదలలో భాగం. అది మారడానికి కావలసిన మనుషులు, అనుభవాలు ఎదురయ్యే చోటు కాలేజీ.

మనుషుల్లో మొదట చెప్పుకోవాల్సింది అధ్యాపకుల గురించి. రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి ప్రిన్సిపాల్. ఆడపిల్లలను కాలేజీలో చేర్చుకున్నారు. అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకు హాస్టల్ నడిపారు. ఆ కాలేజీలో చదివిన చలం, దేవులపల్లి కృష్ణశాస్త్రి ఇద్దరూ ఆయన ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్లినవారే. వాళ్లకు ఆ కాలేజీలో ఎన్ని మార్కులు వచ్చాయో ఇవాళ ఎవరూ అడగరు. ఆ ప్రిన్సిపాల్ పేరు మాత్రం సాహిత్య చరిత్రలో వాళ్ల పేర్ల పక్కన వస్తూనే ఉంటుంది.

అంతటివారు అందరికీ దొరకరు. కానీ మీ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూమ్‌లో కూర్చున్న లెక్చరర్లను ఒకసారి గమనించండి. పోటీ పరీక్ష రాసి వచ్చినవారు, నెట్, సెట్ పాసైనవారు, పీహెచ్‌డీ చేసినవారు అక్కడే ఉంటారు. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ గది గుమ్మం దాటకుండా వెళ్లిపోయే విద్యార్థులను చూస్తే నాకు బాధగా ఉంటుంది. భయం, మొహమాటం, ‘సార్ ఏమనుకుంటారో’ అన్న సంకోచం. పెద్ద ప్రశ్నేమీ అక్కర్లేదు. ‘మేడమ్, ఈ పాఠం నచ్చింది, దీని మీద ఇంకేం చదవమంటారు?’ అని అడిగితే చాలు. పాఠాలు చెప్పేవారికి ఇంతకంటే సంతోషం కలిగించే మాట ఉండదు. పుస్తకం పేరు చెబుతారు, తర్వాత పుస్తకమే ఇస్తారు, ఏడాది తిరిగేసరికి మీ పేరు పెట్టి పిలుస్తారు. పీజీకి ఎక్కడ దరఖాస్తు చేయాలో, మీరు దేనికి సరిపోతారో మీకంటే ముందు వాళ్లే గుర్తుపడతారు.

ఇక అనుభవాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరంలో వచ్చిన మార్పులతో డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. అందులో మొదటిది తొలి ఏడాది తర్వాత వేసవిలో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఊళ్లోనో వార్డులోనో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, ఒక సమస్యను ఎంచుకోవాలి, నివేదిక రాయాలి. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థుల స్టడీ ప్రాజెక్టుల పోటీ ఉంది. ఈ రెండింటినీ చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సీనియర్ల రిపోర్టు తెచ్చి, పేరు మార్చి ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. మార్కులు వస్తాయేమో గానీ పోయేది చాలా ఎక్కువ.

ఒక బీకాం అమ్మాయి తన ఊరి డ్వాక్రా సంఘాల మీద ప్రాజెక్టు తీసుకుందనుకుందాం. క్లాసులో అప్పు, వడ్డీ, వాయిదా అన్నవి అంకెలు. సంఘం పాస్‌బుక్ చేతిలో పట్టుకుని, పక్కన కూర్చున్న అక్క తీసుకున్న డబ్బు గేదెకు పెట్టిందా, పెళ్లికి పెట్టిందా, పాత అప్పు తీర్చిందా అని అడిగినప్పుడు అవే అంకెలకు ప్రాణం వస్తుంది. అన్ని ఇళ్లూ తిరిగేసరికి ఆ అమ్మాయికి తెలియకుండానే కొన్ని పనులు అలవడతాయి. ముక్కూమొహం తెలియనివాళ్ల తలుపు తట్టడం, సరైన ప్రశ్న అడగడం, చెప్పేది ఓపికగా వినడం, పొంతన లేని జవాబుల్లోంచి నిజం ఏరుకోవడం. బ్యాంకులో, మార్కెటింగ్‌లో, జర్నలిజంలో, గ్రామ సచివాలయంలో, చివరికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్లయింటుతో మాట్లాడేటప్పుడు కూడా కావలసింది ఇదే. గ్రామీణ రుణాల మీద పని చేయాలని ఆ అమ్మాయికి అప్పుడే అనిపించవచ్చు. లెక్కల పుస్తకం ముందు కూర్చోవడం కన్నా మనుషులతో మాట్లాడటమే నచ్చిందని కూడా తెలియవచ్చు. రెండూ విలువైన సంగతులే.

ఇలాంటి అనుభవమే ఇచ్చే జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) 1969 సెప్టెంబర్ 24న, గాంధీజీ శతజయంతి ఏట, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల క్యాంపు. ఆ ఏడు రోజులు వేరే కులం, వేరే ఊరు, వేరే గ్రూపు వాళ్లతో కలిసి వండుకుని తిని, ఒకే హాల్లో పడుకుంటారు. మన సమాజంలో అలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఎన్‌సీసీ వల్ల నేరుగా వచ్చే ప్రయోజనం కూడా ఒకటి ఉంది. కనీసం బీ గ్రేడుతో సీ సర్టిఫికెట్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్నవారు సైన్యంలో అధికారి పోస్టుకు స్పెషల్ ఎంట్రీ కింద రాతపరీక్ష లేకుండా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. వయసు, ఇతర నిబంధనలు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

తెలుగు మీడియం పిల్లలను లోలోపల తినేసే ఇంగ్లిష్ భయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. నాకు కనిపించినంతవరకు ఆ భయంలో పెద్ద పాలు నలుగురి ముందు నోరు విప్పే భయానిదే. తెలుగులోనైనా అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడమంటే చెమటలు పట్టే పిల్లలకు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు ఎంతవరకు సాయపడుతుంది? అందుకే మొదటి ఏడాది తెలుగులోనే మాట్లాడండి. వక్తృత్వ పోటీకి పేరివ్వండి. మీ డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో ఒక చిన్న అంశం తీసుకోండి. యువతరంగం లాంటి సాంస్కృతిక పోటీల్లో నాటకంలో చిన్న వేషమైనా వేయండి. గొంతు వణకడం ఆగాక ఇంగ్లిష్ వైపు తిరగండి. రోజూ ఒక ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం, స్నేహితుల్లో ఒకరితో పావుగంట మాటలు, కాలేజీలో జవహర్ నాలెడ్జ్ సెంటర్ ఉంటే అక్కడి తరగతులు. రెండో ఏడాది చివరికి తేడా మీకే తెలుస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. ఒంటరిగా బస్సెక్కి పక్క ఊరు దాటని అమ్మాయి తనంతట తాను కాలేజీకి బస్సెక్కిన రోజు చిన్నదేమీ కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఆదాయ ధ్రువీకరణ కోసం మీసేవ చుట్టూ తిరగడం, తన పేరుతో బ్యాంకు ఖాతా తెరవడం. నాన్నకో అన్నకో అప్పగించే పనులు ఇవి. దయచేసి అమ్మాయినే వెళ్లనివ్వండి. కౌంటర్ దగ్గర నిలబడి, ఏ కాగితం తక్కువైందో అడిగి తెలుసుకుని, మర్నాడు మళ్లీ వెళ్లి పని పూర్తి చేసుకొచ్చిన అమ్మాయి ఇంటర్వ్యూ గదిలో తల దించుకోదు.

ఇప్పుడు లక్ష్యం దగ్గరికి వద్దాం. గ్రూప్స్ రాయాలని చాలామంది మొదటి ఏడాదే అనుకుంటారు. మంచి కోరికే. కానీ డిగ్రీ కాగానే హైదరాబాద్ వచ్చి, అశోక్‌నగర్‌లో గది తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో ఏళ్లు గడిపాక ఇది తమకు సరిపడదని తెలుసుకునేవారు ఉన్నారు. అక్కడి పట్టుదల చూసి నేను తల వంచుతాను. అయినా అన్నేళ్లు పోగొట్టుకోకుండా ఆ పరీక్షను ముందే కాస్త రుచి చూడమంటాను. రెండో ఏడాది వేసవిలో ఒక నెల కేటాయించండి. గ్రూప్-2 సిలబస్ ముందు పెట్టుకుని చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ చదవండి. పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. రోజుకు ఆరు గంటలు ఆ చదువు మీకు నచ్చిందా, కేవలం ఉద్యోగం పేరు నచ్చిందా అన్నది ఆ నెలలో తేలుతుంది.

సాఫ్ట్‌వేర్ వైపు ఆలోచించేవారికీ ఇదే మాట. అమీర్‌పేటలో ఫీజు కట్టే ముందు స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లో ఒక ప్రోగ్రామింగ్ కోర్సు పూర్తి చేసి చూడండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే ఫీజు. మీ విశ్వవిద్యాలయం అనుమతిస్తే ఆ క్రెడిట్లు డిగ్రీలో కూడా కలుస్తాయి. టీచింగ్ ఇష్టమైతే ఎడ్‌సెట్, లా వైపు మనసు పోతే లాసెట్, మేనేజ్‌మెంట్‌కు ఐసెట్, పీజీకి తెలంగాణలో సీపీగెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ. దారులకు కొదవ లేదు. ఏ దారి మనదో తెలుసుకోవడానికే ఈ మూడేళ్లు.

ఇంటి పరిస్థితుల వల్ల రోజూ కాలేజీకి వెళ్లలేనివారు కూడా ఈ అనుభవానికి పూర్తిగా దూరం కానక్కర్లేదు. 1982లో మొదలైన, దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన అంబేద్కర్ యూనివర్సిటీ. దాని స్టడీ సెంటర్లలో జరిగే కాంటాక్ట్ క్లాసులను వదులుకోకండి. పనిచేస్తూ చదువుకునే తోటివారు అక్కడే పరిచయమవుతారు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. రెండో ఏడాది మధ్యలో మీ అబ్బాయో అమ్మాయో వచ్చి, ‘నాన్నా, నాకు ఇంకోటి చదవాలని ఉంది’ అంటే కోప్పడకండి. ఏ పాఠం విన్నాక, ఎవరితో మాట్లాడాక, ఏ పని చేశాక అలా అనిపించిందో అడగండి. జవాబులో ఒక మనిషి పేరో, పుస్తకమో, ఫలానా రోజు చేసిన పనో ఉంటే దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. అప్పుడు ఒక నెల గడువివ్వండి. ఆ రంగంలో పనిచేసేవారిని కనీసం ఇద్దరిని కలిసి, రోజంతా ఏం చేస్తారో, మొదట్లో జీతం ఎంత ఉంటుందో, ఇబ్బందులేమిటో తెలుసుకుని రమ్మనండి. వీలైతే ఒకరి దగ్గరికి మీరూ వెంట వెళ్లండి.