మోటారు కారు మరమ్మతు కోరు గుర్తులు

పరకాల నుండి భూపాలపల్లికి పోవు జాతీయ రహదారిపై రేగొండ యున్నది. బొగ్గు లారీలు, పత్తి ట్రాక్టర్లు, బస్సులు నడచు ఈ దారిలో ఇప్పుడు సొంత కార్లును విరివిగా కానవచ్చుచున్నవి. చుట్టుపట్ల గ్రామములలో రైతులు కొనువానిలో ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారి వచ్చిన పాత కార్లు అనేకము. అవి పెండ్లిండ్లకును, కొడవటంచ నరసింహస్వామి జాతరకును పనికివచ్చుట అటుంచి, అర్ధరాత్రి ఇంటిలో ఎవరికైనను గుండెనొప్పి వచ్చినప్పుడు సుమారు 50 కిలోమీటర్ల దూరమందున్న వరంగల్లు ఆసుపత్రికి చేర్చవలసినదియు ఒక్కొక్కప్పుడు ఆ కారే. అట్టి రాత్రి అది దారిమధ్యమున నిలిచిపోయినచో కలుగు నష్టము రూపాయల లెక్కకు రాదు.

యంత్రము చాలవరకు చెప్పియే చెడును. దీపముతో, చప్పుడుతో, వాసనతో, పొగతో అది ముందుగనే తెలుపును. ఆ మాట మొదట చెవినిబడునది షెడ్డులోని మెకానిక్కునకు కాదు, దినదినము నడుపు మనిషికి. కాని విన్నవెంటనే "ఎట్లనన్న ఇంటిదాక పోదాం తియ్యి" యనుట మన వైపు వాడుక. కొన్ని గుర్తుల విషయమున ఆ మాట చెల్లును. మరికొన్నింటి విషయమున ఇంటిదాక పోవుటయే ఇంజనును చంపును, మనుష్యులకును ముప్పు తెచ్చును. ఏ గుర్తు ఏ తెగకు చెందినదో తెలిసికొనుట అవసరము.

మొదట మీటరు పలకను చూడుడు. తాళపుచెవి త్రిప్పినప్పుడు, ఇంజను ఇంకను నడవకముందే, ఆయిలు డబ్బా, బ్యాటరీ, ఇంజను బొమ్మలు గల దీపములు వెలుగవలెను. ఇంజను అందుకొనిన కొలది క్షణములలో ఆరిపోవలెను. హ్యాండు బ్రేకు దీపము మాత్రము ఆ బ్రేకు దించువరకు వెలుగుచుండును. దీపము ఆరకుండుట ఎట్టి సూచనయో, అసలు వెలుగకుండుటయు అట్టిదే. పాత కారు అమ్మువారిలో కొందరు లోపము కానరాకుండ దీపమునే తీసివేయుట కలదు. కనుక కొనబోవువారు ఇంజను చల్లగానున్న వేళ పోయి, తమ చేతితో తాళము త్రిప్పి చూచుట మేలు. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన రోగమును దాచుకొనును.

ఎరుపు రంగు ఆగుమనుటకును, పసుపు రంగు త్వరలో చూపింపుమనుటకును గుర్తు. ఎరుపు దీపములలో మిక్కిలి భయపడవలసినది ఆయిలు డబ్బా బొమ్మ. ఆయిలు కొంచెము తగ్గినదని మాత్రమే ఇది చెప్పుచున్నదని చాలమంది తలంతురు. నిజమునకు, ఇంజనులో తిరుగు భాగముల నడుమకు ఆయిలును త్రోయు ఒత్తిడి పడిపోయినదని దాని అర్థము. ఒత్తిడి లేనిచో లోహము లోహముతో ఒరసికొని, కొలది నిమిషములలోనే ఇంజను సీజై బిగుసుకొనిపోవచ్చును. వెంటనే ప్రక్కకు తీసి ఇంజను ఆపి, కొంతసేపటికి ఆయిలు గేజి కడ్డీ తీసి చూడవలెను. మట్టము తగ్గియున్నచో తగిన ఆయిలు పోసి, దీపము ఆరిన తరువాతనే కదలవలెను. మట్టము సరిగనుండియు దీపము ఆరనిచో కారును మోయించుకొనియో ఈడ్పించుకొనియో పోవుటయే గతి. ఈడ్పించునప్పుడు ఇంజను నడవదు గనుక బ్రేకు పెడలు గట్టిపడునని, మిక్కిలి మెల్లగా పోవలెనని మరువరాదు.

బ్యాటరీ బొమ్మయు ఎరుపే గాని, దాని సంగతి కొంత భిన్నము. బ్యాటరీకి విద్యుత్తు ఎక్కుట లేదని అది చెప్పును. బ్యాటరీలో మిగిలిన సత్తువతో దగ్గరి షెడ్డు వరకు పోవచ్చును. రాత్రివేళ పెద్ద దీపములు వెలుగుచున్నచో ఆ సత్తువ త్వరగా హరించును. బెల్టు తెగియున్నచో కొన్ని కార్లలో నీటిపంపుకూడ నిలిచిపోవును గనుక, వేడి ముల్లుపై కన్నుంచవలెను.

మన ప్రాంతమున మే నెల ఎండలు 45 డిగ్రీలను తాకు దినములు కలవు. ఆ దినములలో ఇంజను వేడెక్కుట సామాన్యమేనని తేలికగా తీసికొనువారున్నారు. సరిగనున్న కారు ఎంత ఎండలోనైనను వేడి ముల్లును ఎర్రగీతవరకు పోనీయదు. పత్తి నూగు, వరికోతల దుమ్ము రేడియేటరు జాలిలో చిక్కి గాలి ఆడనీయకపోవచ్చును, ఫ్యాను నిలిచియుండవచ్చును, కూలెంటు కారిపోయి యుండవచ్చును. ఏ.సి. కట్టివేసి, ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. మూత మాత్రము వెంటనే విప్పరాదు. లోపలి ద్రవము ఒత్తిడిలో నుండుటచే 100 డిగ్రీలు దాటియు మరుగక నిలిచియుండును. మూత తీసిన క్షణమున మరిగి ఎగసి ముఖమును చేతులను కాల్చును. పూర్తిగా చల్లారిన పిమ్మట, మందపు గుడ్డ వేసి, మెల్లగా విప్పవలెను. ఆపదలో దొరకిన నీరు పోసి షెడ్డు వరకు పోవుటలో తప్పులేదు. ఎల్లప్పుడు బోరు నీరే పోయు అలవాటు మాత్రము మంచిది కాదు; నీరు కాచు గిన్నె అడుగున పేరుకొను తెల్లపొర వంటిదే రేడియేటరు సన్నగొట్టములలోను పేరుకొనును. క్రింద కారిన జాడ లేకుండ కూలెంటు మాటిమాటికి తగ్గుచు, వెనుక తియ్యని వాసనగల తెల్లపొగ వచ్చుచున్నచో హెడ్ గాస్కెటు చెడినదని అనుమానింపవలెను. నీలిపొగ ఆయిలు కాలుటకును, నల్లపొగ ఇంధనము పూర్తిగా కాలకపోవుటకును గుర్తులు. చలికాలపు ఉదయమున కొలది నిమిషములు కనబడు ఆవిరి దోషము కాదు.

బ్రేకు విషయము విపులముగా చెప్పవలసియున్నది. త్రొక్కినప్పుడెల్ల సన్నని కీచుమను చప్పుడు వచ్చుచున్నచో ప్యాడ్లు అరగవచ్చినవని అర్థము. కొన్ని ప్యాడ్లకు ఈ చప్పుడు చేయుటకే చిన్న రేకు అమర్చియుందురు. ఈ దశలో షెడ్డుకు పోయినచో ప్యాడ్ల వెలతో పోవును. ఉపేక్షించినచో కొన్నాళ్లకు కీచు పోయి గరగర శబ్దము వచ్చును. అప్పటికి ఇనుము డిస్కును చెక్కుచుండును. చప్పుడు చేయని లోపములు ఇంతకంటె అపాయకరములు. పెడలు మెత్తబడుట, రెండుమూడు మార్లు త్రొక్కినగాని పట్టకుండుట, త్రొక్కియుంచగా మెల్లగా క్రిందికి దిగిపోవుట — ఈ మూడింటిలో ఏది కనబడినను కారును కదల్పరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. డాట్ 4 రకపు క్రొత్త ఆయిలు 230 డిగ్రీలకు తక్కువ వేడిలో మరుగరాదని నియమము. తేమ పట్టిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. నిండు బరువుతో మాటిమాటికి బ్రేకు త్రొక్కునప్పుడు తేమపట్టిన ఆయిలు మరిగి ఆవిరియగును, పెడలు నేలకంటును. ఏండ్ల తరబడి మార్చని ఆయిలుకు ఈ ముప్పు తప్పదు గనుక సాధారణముగా రెండేండ్లకొకమారు మార్పించుచుందురు.

టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన చట్టము. కొలబద్ద అక్కరలేదు, గాడుల అడుగున అడ్డముగా చిన్న గట్లు ఉండును, ముఖము అరిగి వానికి సమమైనచో టైరు తీరినట్లే. రెండు అంచులు అరిగిన గాలి తక్కువ, నడుము అరిగిన గాలి ఎక్కువ, ఒక అంచు మాత్రమే అరిగిన అలైన్‌మెంటు లోపము. టైరు ప్రక్కన చివర నాలుగంకెలుండును: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని. పాత టైరు కొనువారు ఈ అంకెలు తప్పక చూడవలెను.

పసుపురంగు ఇంజను బొమ్మ నిలకడగా వెలిగిన త్వరలో చూపింపవచ్చును. అది మిణుకుమిణుకుమనుచున్నచో ఇంజనులో ఇంధనము సరిగ మండుట లేదని అర్థము. వేగము తగ్గించి దగ్గరి షెడ్డు చేరవలెను.

వానకాలపు సంగతి వేరు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి గ్రామమును ముంచినప్పుడు జనము ఇండ్లపైకెక్కి ప్రాణములు కాపాడుకొనిరి. అట్టి వరదలో నిలిచిన కారు పైకి ఆరినట్లున్నను సెల్ఫు కొట్టరాదు. సిలిండరులోనికి నీరు చేరియున్నచో, నీరు అణగదు గనుక, కనెక్టింగు రాడ్డు వంగును. ఆయిలు కడ్డీకి పాలు కలిసిన టీరంగు ద్రవము అంటినచో లోపలికి నీరు పోయినట్లే. చిన్న వాగు దాటివచ్చిన కారుకును రెండుమూడు మార్లు బ్రేకు మెల్లగా నొక్కి ఆరబెట్టుట మంచిది.

సైలెన్సరు గొట్టము చిల్లిపడి మోత పెరిగినచో అది చెవికి మాత్రమే బాధయని తలంపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అద్దములు మూసిన కారులో తలనొప్పి, వికారము, మగత కలిగినచో వెంటనే తలుపులు తెరచి బయటకు రావలెను. నడచుచున్న ఇంజనుతో, ఏ.సి. వేసికొని నిద్రించుట ఎన్నడును కూడదు.

ఇక షెడ్డులో "ఏదో సప్పుడొస్తున్నది" యని చెప్పి తాళమిచ్చి పోవుట వలన ప్రయోజనము తక్కువ. చప్పుడు చల్లని ఇంజనులోనా, వేడెక్కిన పిదపనా, ఏ వేగమున, ఎడమకు త్రిప్పినప్పుడా, కుడికా, గుంటలో దిగినప్పుడా, బ్రేకు త్రొక్కినప్పుడా — ఇవి చెప్పినచో వెదకు పని సగము తగ్గును, అక్కరలేని భాగము మార్చు అవకాశమును తగ్గును. వీలైనచో మెకానిక్కును ప్రక్కన కూర్చుండబెట్టుకొని నడిపి వినిపింపవలెను. మార్చిన పాత భాగమును అడిగి తీసికొని చూడవలెను. చేయించిన పని, తేదీ, కిలోమీటర్ల అంకె ఒక చిన్న పుస్తకమున వ్రాసి కారులోనే ఉంచవలెను.