దేవుని తీర్పు – మన తీర్పులు



ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు, బ్రతికి ఉన్నవారికీ చనిపోయినవారికీ తీర్పు చెప్పడానికి క్రీస్తు ప్రభువు మళ్లీ వస్తారని మనమందరం నిలబడి ఒప్పుకుంటాం. పూజ ముగిసి, గుడి బయట చెప్పులు వేసుకునేలోపే ఆ పని మనం మొదలుపెడతాం. "ఆమె సంగతి తెలియదా?", "వాడు ఇక బాగుపడడు", "వాళ్ల వంశమే అంత" అంటాం. చనిపోయినవారిని కూడా వదలం. "ఆయన చేసిన పనులకు నరకం తప్పదులే" అని శవం ఇంట్లో ఉండగానే అనేవారున్నారు.

మరోపక్క, "తీర్పు తీర్చకూడదని ప్రభువే చెప్పారు కదా" అంటూ కళ్లెదుట జరిగే అన్యాయాన్ని చూసీ చూడనట్లు పోయేవారూ ఉన్నారు. ఈ రెండూ పొరపాట్లే. మరి మనం ఎంతవరకు తీర్పు చెప్పవచ్చు? ఎక్కడ ఆగాలి? దేవుని తీర్పుకూ మన తీర్పుకూ తేడా ఏమిటి? ఈ వారం ఈ ప్రశ్నలను ధ్యానించుదాం.

1. తీర్పు చెప్పడమే పాపమా?

ఇతరులకు తీర్పు తీర్చవద్దని యేసుప్రభువు కొండమీది ప్రసంగంలో ఆజ్ఞాపించారు (మత్తయి 7:1-5). ఆ ప్రభువే పైకి కనిపించేదాన్ని బట్టి కాక న్యాయంగా తీర్పు చెప్పమని యోహాను సువిశేషంలో బోధించారు (7:24). తప్పు చేసిన సహోదరుని దగ్గరికి వెళ్లి, ముందు ఒంటరిగా మాట్లాడి సరిదిద్దమని కూడా చెప్పారు (మత్తయి 18:15). కాబట్టి మంచిచెడ్డలు తేల్చడాన్ని ప్రభువు నిషేధించలేదు. అలా నిషేధిస్తే తల్లి బిడ్డను దిద్దలేదు, ఉపాధ్యాయుడు బడి నడపలేడు, నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ ఉన్న కోర్టులకు తాళం వేయవలసి వస్తుంది.

13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు ఈ చిక్కును విడదీశారు. ఏ తీర్పయినా న్యాయమైనది కావాలంటే మూడు షరతులు ఉండాలని ఆయన తన 'దైవశాస్త్ర సంగ్రహం'లో వివరించారు.

మొదటిది, తీర్పు న్యాయంమీది ప్రేమలోనుండి పుట్టాలి. పొలం గట్టు దగ్గర పాత తగాదా ఉన్నవాడు పొరుగువాని కొడుకు మీద చెప్పే తీర్పు న్యాయంలోనుండి పుట్టలేదు, గట్టులోనుండి పుట్టింది.

రెండవది, తీర్పు చెప్పే అధికారం మనకు ఉండాలి. మన ఇంటి బిడ్డను దండించే బాధ్యత మనది. పక్కింటి కోడలి నడవడిని విచారించమని మనల్ని ఎవరు నియమించారు?

మూడవది, వివేకం. అంటే నిజం తెలుసుకొని చెప్పడం. "అందరూ అనుకుంటున్నారు" అనేది సాక్ష్యం కాదు. ఆ 'అందరూ' ఎవరని అడిగితే, చాలాసార్లు ఇద్దరో ముగ్గురో తేలతారు.

ఈ మూడింటిలో ఏది లోపించినా అది తీర్పు కాదు, అపవాదు. సందేహం ఉన్నచోట ఎదుటివానిని గురించి మంచిగానే తలచాలని కూడా అక్వినాసుగారు బోధించారు. అలా తలచి కొన్నిసార్లు చెడ్డవాని చేతిలో మోసపోయినా పరవాలేదు, మంచివానిని చెడ్డవానిగా ఎంచడం అంతకంటె పెద్ద హాని అని ఆయన అభిప్రాయం.

2. సూసన్న మీద తీర్పు

మన బైబులులో దానియేలు గ్రంథం 13వ అధ్యాయాన్ని కుటుంబమంతా కలిసి చదవండి. సూసన్న దైవభయంగల ఇల్లాలు. ఆ ఏడాది న్యాయాధిపతులుగా ఉన్న ఇద్దరు పెద్దలు ఆమెను చెరచబోయి, ఆమె లొంగకపోయేసరికి వ్యభిచారిణి అని నేరం మోపారు. సభ నమ్మింది. చెప్పినవారు పెద్దలు, పైగా న్యాయాధిపతులు! ఒక్క పూటలో ఆమెకు మరణశిక్ష పడింది.

అప్పుడు యువకుడైన దానియేలు ఏమి చేశాడు? అద్భుతమేమీ చేయలేదు. ఆ ఇద్దరినీ విడదీసి, ఏ చెట్టు క్రింద చూశారని ఒక్కొక్కరినే అడిగాడు. ఒకరు ఒక చెట్టు పేరు, మరొకరు వేరే చెట్టు పేరు చెప్పారు. అబద్ధం బయటపడింది.

ఆ సభలోనివారంతా దుర్మార్గులు కారు. మనవంటి మామూలు మనుషులే. వారు చేసిన పొరపాటు, అడగవలసిన ప్రశ్న అడగకపోవడం. మన పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీలు గుర్తు చేసుకోండి. ఎన్నిసార్లు ఆడకూతురిని పిలవకుండానే, ఆమె మాట వినకుండానే ఆమె బ్రతుకును గురించి తేల్చివేయలేదు? డబ్బు, బలగం ఉన్నవాని మాట ఎన్నిసార్లు సాక్ష్యంగా చెల్లలేదు? మీరు ఏ పంచాయితీలోనైనా కూర్చోవలసి వస్తే దానియేలువలె ఆ ఒక్క ప్రశ్న అడగండి.

3. మనుషుల తీర్పులు మారిపోతాయి

ఆళ్లగడ్డకు దగ్గరలోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ మీకు తెలిసిందే. 1846లో కుంపిణీ ప్రభుత్వం మీద తిరుగుబాటు చేసి, కోయిలకుంట్ల ఖజానా మీద దాడికి నాయకత్వం వహించారు. ఆ దాడిలో అక్కడి తహసీల్దారు ప్రాణం పోయింది. తెల్లదొరల న్యాయస్థానం తిరుగుబాటు, హత్య, దోపిడీ నేరాలు మోపి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరి తీయించింది. జనం భయపడాలని ఆయన తలను 1877 వరకు, అంటే 30 ఏళ్లు, కోట మీద వ్రేలాడదీశారు. అదే మనిషి కథను 2019లో సినిమాగా తీస్తే జనం తండోపతండాలుగా చూశారు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అప్పుడు బందిపోటు, ఇప్పుడు స్వాతంత్ర్య వీరుడు. మనిషి మారలేదు, తీర్పు చెప్పేవారు మారారు. ఆ రోజు చచ్చిపోయిన తహసీల్దారుకు కూడా ఒక ఇల్లు, ఒక కుటుంబం ఉండే ఉంటాయి. వారి కన్నీటిని ఏ సినిమా లెక్కపెట్టింది? ఆ ఇరుపక్షాల హృదయాలు దేవునికి ఒక్కనికే తెలుసు.

మరొక సంగతి. 1991 ఉపఎన్నికలో పి.వి. నరసింహారావుగారిని నంద్యాల ఓటర్లు అఖండమైన మెజారిటీతో లోక్‌సభకు పంపించారు. 2000లో ఢిల్లీలోని ప్రత్యేక కోర్టు లంచం కేసులో ఆయనను దోషి అన్నది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అన్నది. 2004లో ఆయన మరణించారు. 2024లో భారతరత్న ప్రకటించారు. రాజకీయాల జోలికి పోవడానికి ఇది చెప్పడం లేదు. ఒక కోర్టు చెప్పినదాన్ని మరో కోర్టు కొట్టివేయడానికి మన చట్టంలోనే దారి ఉంది. ఎందుకు? న్యాయమూర్తి కూడా పొరబడగలడని చట్టమే ఒప్పుకుంటుంది కనుక. అప్పీలు అనేది చట్టం చేసే వినయ ప్రార్థన వంటిది. మరి మనం రచ్చబండ మీద చెప్పే తీర్పులకు అప్పీలు ఉందా?

గురువులూ పీఠాధిపతులూ కూర్చున్న న్యాయస్థానం కూడా తప్పు చేసిన సందర్భాలున్నాయి. 1431లో ఫ్రాన్సుదేశంలో ఒక పీఠాధిపతి నడిపిన విచారణలో జోన్ ఆఫ్ ఆర్క్ అనే 19 ఏళ్ల పిల్లను మతద్రోహి అని తేల్చారు. ఆమెను సజీవంగా కాల్చారు. 1456లో జగద్గురువుల అనుమతితో జరిగిన పునర్విచారణ ఆ తీర్పును రద్దు చేసింది. 1920లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. తీర్పు దిద్దుకోవచ్చు గాని, కాలిన ప్రాణం తిరిగి రాదు.

4. దేవుని తీర్పు ఎలాంటిది?

మనుషులు ముఖం చూస్తారు, దేవుడు హృదయం చూస్తాడు (1 సమూవేలు 16:7). మనం పనిని చూడగలం. ఆ పని వెనుక ఉన్న భయం, ఆకలి, అజ్ఞానం, చిన్ననాటి గాయం, చివరి క్షణపు పశ్చాత్తాపం మనకు కనిపించవు.

ప్రతి ఆత్మకూ మరణించిన వెంటనే ప్రత్యేక తీర్పు, లోకాంతంలో సర్వసామాన్య తీర్పు ఉంటాయని శ్రీసభ బోధిస్తుంది. ఆ కడపటి దినాన ప్రభువు దేన్ని గురించి అడుగుతారో ముందే చెప్పి ఉంచారు: ఆకలిగొన్నవానికి అన్నం పెట్టావా, బట్టలేనివానికి బట్ట ఇచ్చావా, రోగినీ ఖైదీనీ చూడడానికి వెళ్లావా? (మత్తయి 25:31-46). ప్రశ్నాపత్రం ముందే ఇచ్చే న్యాయాధిపతి ఆయన! అంటే మనల్ని పట్టుకోవాలని కాదు, గట్టెక్కించాలని ఆయన కోరిక.

ఇంకొకటి గమనించండి. శ్రీసభ ఎందరినో పునీతులుగా ప్రకటించింది. కాని ఫలానావారు నరకంలో ఉన్నారని ప్రకటించే పద్ధతి శ్రీసభలో లేదు. నరకం ఉందని బోధిస్తుంది, ఫలానా మనిషి అక్కడ ఉన్నాడని చెప్పడానికి మాత్రం సాహసించదు. రెండు వేల ఏళ్ల శ్రీసభ చేయని పనిని మనం శవం పక్కన నిలబడి చేయవచ్చా?

అప్పుల బాధతోనో, అవమానంతోనో ప్రాణం తీసుకున్నవారి ఇళ్లలో ఈ మాట మరీ అవసరం. ప్రాణం దేవుని సొత్తు, దాన్ని తీసుకోవడం ఘోరమైన తప్పు అన్న బోధ మారలేదు. 1917 నాటి శ్రీసభ చట్టం, తెలిసి ఆత్మహత్య చేసుకున్నవారికి శ్రీసభ భూస్థాపనను నిరాకరించేది. 1983 నాటి కొత్త చట్టంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మనోవ్యాధి, వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గించగలవనీ, వారి రక్షణను గురించి నిరాశపడరాదనీ, దేవుడు తనకు మాత్రమే తెలిసిన మార్గంలో వారికి పశ్చాత్తాపపడే అవకాశం ఇవ్వగలడనీ 1992 నాటి సత్యోపదేశం బోధిస్తున్నది. కాబట్టి అలాంటి ఇంటికి వెళ్లి "ఎందుకు చేసినాడమ్మా?" అని గుచ్చి గుచ్చి అడగకండి. జపమాల చెప్పండి. వారి పేరున పూజ పెట్టించండి. కష్టంలో ఉన్నవాడు మీ కంటపడితే, అంతదూరం పోకముందే అతని పక్కన కూర్చోండి.

5. అన్యాయానికి గురైనవారి మాట ఏమిటి?

మన ప్రాంతంలో ఫ్యాక్షన్ కక్షలు తరాలను మింగాయి. మునుపటంత ఇప్పుడు లేకపోయినా, భర్తనో కొడుకునో పోగొట్టుకున్న తల్లులు ఇంకా మన మధ్యనే ఉన్నారు. సాక్షులు భయపడి మాట మార్చితే కేసు వీగిపోయింది. అలాంటి తల్లి ముందు నిలబడి "తీర్పు తీర్చకూడదమ్మా, మరిచిపో" అనడం సువార్త కాదు. అది బలవంతుని పక్షం వహించడం. ఆమెకు పోలీసు స్టేషనుకూ, కోర్టుకూ వెళ్లే హక్కు ఉంది. తోడు వెళ్లవలసిన బాధ్యత మనకుంది. చూసినది చూసినట్లు చెప్పడం ఎనిమిదవ ఆజ్ఞను పాటించడమే.

అయితే "కోర్టు వదిలినా మేం వదలం" అని వేటకొడవలి తీసినవాడు దేవుని ఆసనంలో కూర్చోబోతున్నాడు. పగ తీర్చుకోవడాన్ని దేవునికి విడిచిపెట్టమని పునీత పౌలుగారు వ్రాశారు (రోమీ 12:19). విడిచిపెట్టడమంటే ఊరకే వదిలేయడం కాదు, మనకంటె బాగా తీర్చగలవానికి అప్పగించడం. 2007లో 16వ బెనెడిక్టు జగద్గురువులు నిరీక్షణను గురించిన లేఖలో, కడపటి తీర్పు భయపెట్టేది మాత్రమే కాదు, ముఖ్యంగా నిరీక్షణ కలిగించేది అని వివరించారు. నిజమే. మాట మార్చే సాక్షి ఉండని న్యాయస్థానం అది ఒక్కటే. చనిపోయినవారు కూడా తమ మాట చెప్పుకోగలిగేది అక్కడే. ఆ తీర్పు లేకపోతే కొడవలిదే ఆఖరి మాట అవుతుంది.

6. మన విచారణ

మన తెలుగు కతోలికులకు ఒక చక్కని మాట ఉంది. ఒక గురువు సంరక్షణలో ఉన్న విశ్వాసుల సంఘాన్ని మనం 'విచారణ' అంటాం. కోర్టులో కేసు నడవడమూ విచారణే. విచారించడమంటే అడిగి తెలుసుకోవడం, బాగోగులు చూడడం కూడా. మన విచారణలు కోర్టులు కావాలా, బాగోగులు చూసే ఇళ్లు కావాలా?

ప్రభువు కొలతను గురించి హెచ్చరించారు. కొనేటప్పుడు ఒక పడి, అమ్మేటప్పుడు ఒక పడి వాడే వ్యాపారిని మనం దొంగ అంటాం. మన బిడ్డ తప్పు చేస్తే "చిన్నతనం", పక్కింటి బిడ్డ చేస్తే "పెంపకం" అనేవారి చేతిలోనూ రెండు పడులున్నాయి. ఏ పడితో కొలుస్తామో, దానితోనే మనకూ కొలుస్తారు (మత్తయి 7:2).

ఈ వారం ప్రతి కుటుంబం ఈ మూడు పనులు చేయడానికి ప్రయత్నించాలి:

– ఎవరిని గురించైనా చెడు విన్నప్పుడు, "నీవు చూశావా?" అని ఒక్క ప్రశ్న అడగండి. చూడలేదంటే ఆ మాట అక్కడే ఆపండి.

– తప్పు చేసినవానిని "నీవు చేసినది తప్పు" అనండి. "నీవు పనికిరానివాడివి" అనకండి. మొదటిది పని మీద తీర్పు, అది మన వంతు. రెండవది మనిషి మీద తీర్పు, అది దేవుని వంతు.

– రాత్రి కుటుంబ ప్రార్థనలో, మీరు ఎవరిని ఇక మారడని తీర్మానించుకున్నారో వారి పేరు ఎత్తి ఒక పరలోక జపం చెప్పండి. మన కేసు పాపసంకీర్తన పీఠం దగ్గర ఎన్నోసార్లు కొట్టివేయబడింది. వారి కేసును మనం ఎందుకు మూసివేయాలి?

కుటుంబ చర్చకు: సూసన్న కథలో సభవారి స్థానంలో మనం ఉంటే ఏమి చేసి ఉండేవారం? మన వీధిలో ఎవరి మాటను మనం ఇంకా వినలేదు?

దయగల న్యాయాధిపతియైన క్రీస్తు ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.