కన్సల్టెన్సీ వదిలి కంపెనీలోకి మారొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని యూఎస్ స్టాఫింగ్ కన్సల్టెన్సీలో రిక్రూటర్‌ని. అంతా నైట్ షిఫ్టే. ఒక ప్రొడక్ట్ కంపెనీ తన సొంత నియామకాల విభాగంలోకి రమ్మంటోంది. అక్కడ పగటి డ్యూటీ, కానీ ఇన్సెంటివ్ ఉండదు. మారమంటారా?
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు గత 12 నెలల పేస్లిప్పులు తీసి, ఇన్సెంటివ్‌తో కలిపి నెల సగటు కట్టండి. బాగా వచ్చిన ఒక్క నెలను చూసి లెక్కేయకండి. కొత్త జీతం ఆ సగటుకు దగ్గరగా ఉంటే మారడమే మేలు.

అయితే పని తీరు వేరు. ఇప్పుడు మీరు వీసా స్టేటస్, గంట రేటు కనుక్కుని, రిక్వైర్‌మెంట్ వచ్చిన పూటే రెజ్యూమె పంపేస్తున్నారు. అక్కడ 60, 90 రోజుల నోటీస్ పీరియడ్ ముగిసి అభ్యర్థి చేరేదాకా వెంటపడాలి. ఆఫర్ చేతిలో పెట్టుకుని రానివాళ్లతోనే పెద్ద తలనొప్పి.

ఇంటర్వ్యూలో రెండు విషయాలు అడగండి. ఉద్యోగం కంపెనీ పేరోల్ మీదా, థర్డ్ పార్టీ పేరోల్ మీదా? నియామకాలు ఆగితే మీకు ఏ పని ఇస్తారు? 2022 నవంబరులో మెటా 11,000 మందికి పైగా ఉద్యోగులను తొలగించినప్పుడు రిక్రూటింగ్ విభాగంపై దెబ్బ మరీ ఎక్కువ పడింది. ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ ఆఫర్ వదిలేయండి.