నాన్న నెగిటివ్ చీటీ, బేయిస్ లెక్క

మూడో సెమిస్టర్‌లో సార్ బేయిస్ సిద్ధాంతం బోర్డు మీద రాస్తుంటే అందరూ నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. నాకు మాత్రం మా నాన్న ర్యాపిడ్ టెస్టు చీటీ గుర్తొచ్చింది. ఫార్ములా అనగానే పేజీ తిప్పేయకండి, ఇందులో కూడికలూ తీసివేతలే ఉన్నాయి.

2021 మే. ఖమ్మం జిల్లాలో మా ఊరు. పక్కింట్లో ఇద్దరికి పాజిటివ్. నాన్నకి మూడు రోజులుగా జ్వరం, కాఫీ వాసన కూడా తెలియట్లేదు. టెస్టు కోసం తెల్లవారుజామునే క్యూలో చెప్పులు పెట్టి, మనుషులు చెట్టు కింద గుంపుగా కూర్చునేవారు. (కరోనా లేకుండా వచ్చినవాళ్లకి అక్కడే అంటుకుని ఉంటుందని నా అనుమానం.) నాన్నకి నెగిటివ్ వచ్చింది. అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. అప్పటిదాకా వేరే గదిలో పడుకున్న మనిషి, ఆ రాత్రి తాతయ్య మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పాడు.

ఇప్పుడు లెక్క. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ ఈ యాంటిజెన్ కిట్‌కి అనుమతిస్తూ సెన్సిటివిటీ 50.6 నుంచి 84 శాతం, స్పెసిఫిసిటీ 99.3 నుంచి 100 శాతం అని చెప్పింది. లక్షణాలున్నవాళ్లకి నెగిటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించాలని కూడా అందులోనే ఉంది. మా ఇంట్లో ఎవరికీ అది తెలీదు.

నాన్నలాంటి లక్షణాలున్నవాళ్లు వందమంది ఉన్నారనుకుందాం. వాళ్లలో 60 మందికి నిజంగా జబ్బు ఉందనుకుందాం. సెన్సిటివిటీ మధ్యస్థంగా 70 శాతం వేసుకుంటే టెస్టు 42 మందిని పట్టుకుంటుంది, 18 మందిని వదిలేస్తుంది. జబ్బు లేని 40 మందికీ నెగిటివే. అంటే నెగిటివ్ చీటీలు మొత్తం 58, అందులో 18 అబద్ధం. దాదాపు ముగ్గురిలో ఒకరు!

అదే కిట్‌ని ఏ లక్షణమూ లేని వెయ్యిమందికి వాడండి. పదిమందికే జబ్బు ఉందనుకుంటే, ఏడుగురు దొరుకుతారు. స్పెసిఫిసిటీ 99.3 అయితే మిగతా 990 మందిలో మరో ఏడుగురికి ఊరికే పాజిటివ్ వస్తుంది. పాజిటివ్‌లలో సగం తప్పు. కిట్ మారలేదు, ఎవరికి చేశామన్నదే మారింది. టెస్టుకి ముందు మనకున్న అనుమానం ఎంత అన్నది కలపకుండా చీటీకి అర్థం లేదు. బేయిస్ చెప్పింది ఇదే.

ఆర్‌టీపీసీఆర్‌దింకో తంటా. అది చచ్చిన వైరస్ ముక్కల్ని కూడా పట్టేస్తుంది, కోలుకున్నాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపించొచ్చు. మా బాబాయి నెగిటివ్ వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించుకున్నాడు. ఒకసారి పాజిటివ్ వచ్చినవాళ్లకి మళ్లీ చేయొద్దని 2021 మే 4న ఐసీఎంఆర్ చెప్పింది, కానీ అప్పటికే ల్యాబుల దగ్గర జాతర. స్వల్ప లక్షణాలకి సీటీ స్కాన్‌లు వద్దని అదే వారంలో ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా గారు చెప్పినా మా వీధిలో ఎవరూ ఆగలేదు.

ఆ నెలలోనే తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే మొదలైంది. మా ఇంటికి వచ్చిన ఆశా అక్క చీటీ చూడనే లేదు. "జ్వరం ఉందా? వాసన తెలుస్తుందా?" అని అడిగి, మందుల కిట్ చేతిలో పెట్టి, "పెద్దాయనకి దూరంగా ఉండు అన్నా" అంది.

తాతయ్యకి అప్పటికే దగ్గు మొదలైంది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాడు. ఇప్పటికీ మెట్లెక్కాలంటే మధ్యలో ఆగుతాడు. నాన్న ఆ చీటీని రేషన్ కార్డు ఫైల్లో దాచిపెట్టాడు, ఎందుకని నేను అడగలేదు.