గది సంఖ్య లేని టిక్కెట్టు



ఈ నెల పాఠమునకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును, ఆదికాండము 13, 33 అధ్యాయములను ముందుగా ఇంటివద్ద చదువుకొనవలెనని కోరుచున్నాము. అయితే పాఠము అక్కడ మొదలు కాదు. సూర్యలంకలో మా సంఘమునకు చెందిన ఒక విధవరాలి ఇంటి అరుగుమీద మొదలగును.

ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి. మోకాళ్ల నొప్పి గలదు. పెనిమిటి బ్రదికియున్నంతకాలము సముద్రముమీద వేటకు పోయినవాడు. కుమార్తె సింగపూరులో నర్సు పని చేయుచున్నది. గత సంవత్సరము కుమార్తెయు అల్లుడును ఆమెను అక్కడికి పిలిపించుకొని, పిల్లల సెలవులలో నాలుగు రాత్రుల ఓడ ప్రయాణమునకు తీసికొనిపోయిరి. ఈ ఓడలు ఒక ఊరినుండి మరియొక ఊరికి చేర్చుటకు కాక, ఊరక విహారముకొరకు నడచునవి. మన రాష్ట్రపు జనులకును ఇది క్రొత్త మాట కాదు. 2022 జూన్‌లో చెన్నైనుండి ఎంప్రెస్ అను విహారనౌక విశాఖపట్టణమునకు వచ్చెను. 2023 సెప్టెంబరులో విశాఖ రేవునందు ఇట్టి ఓడలకొరకు ప్రత్యేకమైన టెర్మినల్ ప్రారంభమాయెను. కనుక నేడు ఒక ఇంటి సంగతి, రేపు పది ఇండ్ల సంగతి కావచ్చును.

టిక్కెట్లు కొనునప్పుడు అల్లుడు గదులను ఎన్నుకొనలేదు. ఫలాని గది కావలెనన్న ఒక ధర, ఏ గదియైనను సరేయన్న అంతకంటె తక్కువ ధర. అతడు తక్కువ ధరకే కొనెను. కష్టపడి సంపాదించువాడు, రెండు గదులు తీసికొనువాడు, ఆలోచించి చేసెను. కుమార్తె మాత్రము, "దేవుడు మనకు మంచి గదే ఇచ్చును, ప్రార్థన చేసికొందము" అని చెప్పెనట. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడి.

ప్రయాణమునకు మూడు దినములు ముందు గది సంఖ్యలు వచ్చినవి. దంపతులకును చిన్నపిల్లలకును ఓడ నడిమి భాగమున మంచి గది దొరికెను. ముసలితల్లికిని పెద్ద మనుమరాలికిని రెండంతస్తుల పైన, ఓడ ముందుకొనను, లిఫ్టునకు బహుదూరమున దొరికెను. రెండవ రాత్రి గాలి లేచెను. ఆమె తెల్లవారువరకు మంచపు కోడు పట్టుకొని కూర్చుండెను. భోజనశాలకు పోవలెనన్న ఆ పొడవైన నడవా అంతయు గోడ పట్టుకొని నడువవలసి వచ్చెను. తరువాత రెండు పూటలు భోజనమునకే పోలేదు. ఆకలి లేదని పిల్లలతో చెప్పెను.

తిరిగి వచ్చిన తరువాత మాతో ఆమె చెప్పిన మాట ఇది: "అయ్యగారూ, మా ఆయన చిన్న పడవలోనైనా నన్ను నడిమధ్యన కూర్చోబెట్టేవాడు. ఈ పిల్లలు అంత పెద్ద ఓడలో నన్ను ముక్కు మీద పడుకోబెట్టారు. అమ్మాయికి చెప్పమాకండి."

సముద్రపు ఒడ్డున పుట్టినవారికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అల వచ్చినప్పుడు పడవ ముందుకొన లేచును, వెనుకకొన దిగును. నడిమి భాగము తక్కువగా కదలును. ఊయల బల్ల రెండు కొనలు లేచి దిగుచుండగా నడుమ కూర్చున్నవాడు కుదురుగా నుండునట్లే యిది. ఎంత పెద్ద ఓడకైనను ఇదే ధర్మము. పై అంతస్తులకంటె క్రింది అంతస్తులలో ప్రక్కలకు ఊగుట కూడ తక్కువగా తెలియును. చదువుకొనిన అల్లునికి తెలియనిది చదువురాని అత్తకు తెలియును, గాని టిక్కెట్టు కొనునప్పుడు ఆమెను ఎవరడిగిరి?

ఇప్పుడు ఈ పద్ధతి ఎట్టిదో చూతము. ఓడ కంపెనీలవారు దీనికి గ్యారంటీ అని పేరు పెట్టిరి. పేరు విని భ్రమపడకూడదు. గ్యారంటీ తరగతికే గాని గదికి కాదు. విహారనౌకలో గదులు సాధారణముగా నాలుగు తరగతులు: కిటికీ లేని లోపలి గది, సముద్రము కనబడు అద్దపు కిటికీ గల గది, వెలుపల నిలుచుటకు బాల్కనీ గల గది, అన్నిటికంటె విశాలమైన సూట్ అనునవి. కిటికీ గదికి రొక్కము చెల్లించినవానికి అంతకు తక్కువది ఇయ్యరు. ఒక్కొక్కప్పుడు పై తరగతిది ఇచ్చుటయు కలదు. ఈ ఆశతోనే అనేకులు దీనిని తీసికొందురు. గాని అది ఎక్కడ నుండునో చెప్పు అధికారము కంపెనీవారిదే. సంఖ్య కొన్ని వారములు ముందు రావచ్చును, కొన్ని దినములు ముందు రావచ్చును, రేవులో దిగిన తరువాతను రావచ్చును. వచ్చిన సంఖ్యను మార్చుమని అడిగినను సాధారణముగా మార్చరు.

వారెందుకు తక్కువ ధరకిత్తురు? ఇందులో దాపరికమేమియు లేదు. గది కోరి తీసికొనువారు మంచివి కోరుకొందురు. ఎవరును కోరనివి కొన్ని మిగిలిపోవును. నాటకశాల మీదనున్నవి, ఈతకొలను క్రిందనున్నవి (అక్కడ తెల్లవారకముందే పైన కుర్చీలు ఈడ్చుచుందురు), యంత్రముల చప్పుడు వినబడునవి, లంగరు గొలుసు దింపునప్పుడు అదరునవి, ప్రాణరక్షణ పడవ అడ్డమువచ్చి సముద్రము కనబడనివి ఇట్టివి. పడవ అడ్డమున్న కిటికీయైనను కిటికీయే గదా! ఓడ ఖాళీగా పోవుటకంటె వాటిని చౌకగా నింపుకొనుట వ్యాపారమునకు మేలు. ఇది మోసము కాదు, ముందుగానే చెప్పి చేయు బేరము. మన ఊరి సంతలో ఏరుకొను వంకాయలకు ఒక ధర, గంపలోనుండి వారే తీసి యిచ్చువాటికి ఒక ధర యుండుటలేదా?

బలముగలవారికి, ఎక్కడైనను నిద్రపట్టువారికి, రాత్రి తప్ప గదిలో నుండనివారికి ఈ బేరము మంచిదే. పైకము మిగులును. మేము యౌవనస్థులకు వలదని చెప్పము. ఒకే ఇంటివారు రెండు గదులు తీసికొనినప్పుడు మాత్రము అవి ప్రక్కప్రక్కన వచ్చునని తలంచకూడదు. ఒకటి ఒక అంతస్తున, మరియొకటి మరియొక అంతస్తున రావచ్చును. చక్రముల కుర్చీ పట్టు విశాలమైన గదులు ప్రతి ఓడలోను కొన్ని మాత్రమే యుండును; అవి కావలసినవారు మొదటనే అడిగి నిలుపుకొనవలెను.

మనకు రైలు ఇంతకంటె బాగుగా తెలియును. బాపట్లలో ఎక్స్‌ప్రెస్ ఎక్కువాడు పడక ఎన్నుకొనడు. క్రిందిది కావలెనని కోరిక తెలుపును, కంప్యూటర్ తనకు తోచినది ఇచ్చును. మొదటి తరగతి ఎ.సి. పెట్టెలో కూడ నలుగురుండు క్యాబినో, ఇద్దరుండు కూపేయో చార్టు తయారగువరకు తెలియదు. అయినను అరువది దాటిన పురుషులకును, నలువదియైదు దాటిన స్త్రీలకును ఖాళీయున్నయెడల క్రింది పడక దానంతటదే ఇచ్చునట్లు రైల్వేవారు ఏర్పాటు చేసిరి. ఎన్నిక లేనిచోటను బలహీనునికొరకు ఒక నియమము పెట్టిరన్నమాట. తెనాలి రేపల్లె బండిలోనైతే నియమమేమియు లేదు. కిటికీలోనుండి తువాలు వేసినవానిదే స్థలము. మన విశ్వాసులలో కొందరు ఈ తువాలు విద్యయందు మిక్కిలి ప్రవీణులు. వారెవరో చెప్పము.

మన పెద్దలకు ఈ ఎన్నికయే లేదు. కాకినాడ, విశాఖపట్టణముల రేవులనుండి రంగమునకు, అనగా రంగూనునకు, కూలి పనులకు వెళ్లిన తెలుగువారు అనేకులు స్టీమరు డెక్కుమీదనే ప్రయాణము చేసిరి. కోరంగి రేవు పేరునుబట్టి బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. డెక్కు టిక్కెట్టుకు గది లేదు, సంఖ్య లేదు. చాప పరచినంత మేర వారి గది. 1941 డిసెంబరులో యుద్ధము అక్కడికి వచ్చువరకు ఈ రాకపోకలు జరిగినవి.

పౌలు ప్రయాణము కూడ ఇట్టిదే. అతడు ఖైదీ. మూరలో అలెక్సంద్రియ ఓడ కనబడగా శతాధిపతి వారిని అందులో ఎక్కించెను. ఓడను ఎన్నుకొన్నది పౌలు కాదు, కాలమును ఎన్నుకొన్నదియు పౌలు కాదు. రెండువందల డెబ్బదియారుగురిలో అతడెక్కడ పడుకొనెనో లూకా వ్రాయలేదు. (నోవహు ఓడలోను గదులు, మూడంతస్తులు ఉన్నవని చదువుదుము గాని, ఏ కోడలికి ఏ గది వచ్చెనో వ్రాయబడలేదు, అది మేలే.) అయితే ఎన్నిక లేనివాడు నోరు లేనివాడు కాలేదు. మంచిరేవులయొద్దనే ప్రయాణము అపాయకరమని చెప్పెను. నావికులు పడవ దింపి పారిపోజూచినప్పుడు చెప్పెను. ఆకలిగొన్నవారిని భోజనము చేయుడని చెప్పెను. శతాధిపతి మొదటిసారి అతని మాట వినలేదు, తరువాత వినెను.

మరి ఎన్నికను మరియొకరికి విడుచుట భక్తి కాదా? అబ్రాము విడిచెను గదా! పెద్దవాడైయుండి చిన్నవాడైన లోతునకు ముందుగా కోరుకొనుమనెను. నీళ్లుగల మైదానము లోతునకు పోయెను. ఈ అధ్యాయముమీద చాల ప్రసంగములు చేసితిమి, లోతును చాలసార్లు గద్దించితిమి. ఈ విధవరాలి మాట విన్న తరువాత మరియొకటి మాకు కనబడెను. అబ్రాము విడిచినది తన వంతు. (శారయిని అడిగెనో లేదో తెలియదు.) అల్లుడు విడిచినది తన వంతు మాత్రమే కాదు, అత్త మోకాళ్ల వంతు కూడ. ఇరువది అధ్యాయములు దాటి యాకోబును చూడుడి. ఏశావు కలిసి పోదమని చెప్పెను. అది ప్రేమతో చెప్పిన మాటయే. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినను అవి చచ్చుననియు చెప్పి, వారు నడువగలిగినంత మెల్లగా వచ్చెదననెను. తనకొరకైతే అన్నతోకూడ పరుగెత్తియుండునేమో.

కుమార్తె చెప్పిన మాట ఇందుకే జ్ఞాపకముంచుకొనుమంటిమి. గది విషయము దేవునికి అప్పగించితిమని ఆమె తలంచెను. నిజమునకు అప్పగించినది కంపెనీ గుమాస్తాకు. కారణము ధరలోని తేడా. తేడా మిగుల్చుకొనుట పాపము కాదు గాని, దానిని విశ్వాసమని పిలిచినప్పుడు ముసలితల్లి తన బాధ చెప్పుకొనుటకు తావులేకపోయెను. దేవుడిచ్చిన గదిమీద ఎవరు ఫిర్యాదు చేయుదురు?

ఈ పాఠము వ్రాయుటకుముందు ఆమెయొద్దకు పోయి, "అమ్మా, పేరు లేకుండ ఈ సంగతి పత్రికలో వేయవచ్చునా?" అని అడిగితిమి. కొంతసేపు వలలోని ముడి విప్పుచు ఊరకుండెను. "మా అమ్మాయి కూడా ఈ పుస్తకం చదువుద్ది అయ్యగారూ, ముందు నేనే చెప్పాలి," అనెను. అప్పుడే మనుమని చేత సింగపూరుకు ఫోను చేయించెను. మేము లేచి వెళ్లబోగా కూర్చుండుమని చేయి చూపెను. ఆ రాత్రి సంగతి అంతయు చెప్పెను. అవతల కుమార్తె ఏడ్చుచున్నట్లు వినబడెను. వచ్చే సెలవులలో మరల రమ్మని అడిగెను కాబోలు, ఈమె ఇట్లనెను:

"వస్తాలేవే. నడిమధ్య గది, కింద అంతస్తు, లిఫ్టు పక్కన. తేడా ఎంతో చెప్పు, ఎండుచేపల డబ్బు ఉంది నా దగ్గర."